పాదములు నొక్కితే రోగములు పోవునా?

గడచిన మూడు నాలుగు మాసములుగా మాకు చేరుచున్న ఉత్తరములలో ఒకే సంగతిని గూర్చిన ప్రశ్న మరల మరల కనబడుచున్నది. అరికాలిలో ఫలాని చోట నొక్కితే మూత్రపిండములు బాగుపడునని, ఫలాని చోట నొక్కితే షుగరు తగ్గునని చెప్పి కొందరు ఊరూరా పాదముల పటములు అమ్ముచున్నారట. సంతలలోను, పట్టణపు ఎగ్జిబిషన్లలోను ముళ్ళ చెప్పులు, గాళ్ళు పెట్టిన చెక్క రోలర్లు గుట్టలుగా పోసి అమ్ముట మేమును చూచితిమి. ఇప్పుడైతే చేతిలోని ఫోనులో కూడ ఇవే వీడియోలు. "మా అత్తగారికి పది సిట్టింగులు చేయించమంటున్నారు, చేయించవచ్చునా?" అని ఒక సహోదరి వ్రాశారు. "ఇది చైనా వారి విద్యయా, ఐగుప్తు వారి విద్యయా?" అని ఒక ఉపాధ్యాయుడు అడిగారు. "ఇది చేయించుకొనుచు మందులు మానవచ్చునా?" అని అడిగినవారు ముగ్గురు. ఈ చివరి ప్రశ్న మమ్మును కలవరపరచినది గనుక ఈ నెల శీర్షికను దీనికే కేటాయించుచున్నాము.

ఆ చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పివేయుట మంచిది. మానకూడదు. షుగరు, బి.పి., గుండె, మూర్ఛ, క్షయ, థైరాయిడ్ వీటిలో దేనికైనను డాక్టరుగారు వ్రాసిన మందును పాదములు నొక్కించుకొనుచున్నామను ధైర్యముతో ఒక్క పూట కూడ ఆపకూడదు. ఇక మిగిలిన సంగతులు నెమ్మదిగా మాట్లాడుకొందము.

ఈ పద్ధతికి రిఫ్లెక్సాలజీ అని పేరు. దీనిని నేర్పువారి లెక్క ప్రకారము మన రెండు పాదములు మన శరీరమునకు పటము వంటివి. కాలి వ్రేళ్ళు తల, బొటనవ్రేలు మెదడు. వ్రేళ్ళ క్రింద ఉబ్బెత్తుగా ఉండు భాగము రొమ్ము, ఊపిరితిత్తులు. మధ్యనున్న వంపు జీర్ణాశయము, ప్రేగులు. మడమ నడుము క్రింది భాగము. పాదము లోపలి అంచు వెంబడి వెన్నెముక. కాలేయము కుడి ప్రక్కన ఉన్నది గనుక దాని స్థానము కుడి పాదములో, గుండె ముఖ్యముగా ఎడమ పాదములో. ఆ యా చోట్ల బొటనవ్రేలితో నొక్కినప్పుడు నొప్పి కలిగితే ఆ అవయవములో లోపమున్నదని గుర్తు, అక్కడే మరల మరల నొక్కితే ఆ లోపము సర్దుకొనునని వారి ఉపదేశము. అరచేతులకు, చెవులకు కూడ ఇట్టి పటములు గీశారు గాని పాదములకు వచ్చిన పేరు వాటికి రాలేదు.

ఉపాధ్యాయుడుగారు అడిగిన ప్రశ్నకు వచ్చెదము. అమ్మువారు ఎప్పుడును ఐదు వేల ఏండ్ల విద్య అనే చెప్పుదురు. ఐగుప్తు దేశములో సక్కారా అను చోట అంఖ్‌మహోర్ అను గొప్ప అధికారి సమాధి ఉన్నది. క్రీస్తు పూర్వము 2300 ప్రాంతము నాటిది. దాని గోడ మీద ఒకని చేతులను, కాళ్ళను మరియొకడు పట్టుకొని ఏదో చేయుచున్నట్లు చెక్కిన బొమ్మలు ఉన్నవి. అదే రిఫ్లెక్సాలజీ అని వీరందురు. గోళ్ళు తీసి చేతులు కాళ్ళు శుభ్రము చేయుచున్నారు, అంతేనని కొందరు పండితులందురు. మన ఊరి మంగలి కాలిగోళ్ళు తీయుచుండగా ఫొటో తీసి నాలుగు వేల ఏండ్ల తరువాత ఎవరికైనను చూపితే వారేమనుకొందురో!

చైనా వారి ఆక్యుప్రెషరు వేరు. అది శరీరమంతట ప్రవహించు శక్తి మార్గములను గూర్చిన పాత సిద్ధాంతము మీద నిలిచినది. ఈ పాదముల పటము మాత్రము అమెరికాలో, అదియు ఇరువదవ శతాబ్దములో పుట్టినది. విలియం ఫిట్జెరాల్డ్ అను చెవి, ముక్కు, గొంతు వైద్యుడు శరీరమును తల నుండి కాలి వరకు నిలువుగా పది భాగములుగా విభజించి, ఒక భాగములో ఒక చోట నొక్కితే అదే భాగములోని మరియొక చోట నొప్పి తెలియకుండ పోవునని చెప్పెను. వ్రేళ్ళకు రబ్బరు బ్యాండ్లు చుట్టుట, బట్టల క్లిప్పులు పెట్టుట, దువ్వెన పళ్ళను అరచేతితో గట్టిగా పట్టుకొనుట ఆయన పద్ధతులు. 1917లో ఎడ్విన్ బవర్స్‌తో కలిసి దీనిని గూర్చి పుస్తకము వ్రాసెను. ఆ మీదట యూనిస్ ఇంగమ్ అను ఆమె, జో షెల్బీ రైలీ అను వైద్యుని యొద్ద పని చేయుచు, శరీరమంతటిని వదలి పాదముల మీదనే దృష్టి నిలిపి 1930ల ప్రాంతములో నేటి పటమును గీసెను. 1938లో ఆమె మొదటి పుస్తకము వెలువడినది. ఆమె ఊరూరు తిరిగి నేర్పగా ఇది అమెరికా అంతట, తరువాత ఐరోపా అంతట వ్యాపించినది. అనగా ఈ విద్యకు ఇంకను నూరేండ్లు నిండలేదు. పాతది కాకపోతే పనికిరాదని మేము చెప్పుట లేదు. పెన్సిలిన్ కూడ పాతది కాదు. అబద్ధపు వయస్సు చెప్పి అమ్మువారిని మాత్రము కొంచెము జాగ్రత్తగా చూడవలెనని మా అభిప్రాయము.

ఆసియా ఖండములో దీనికి పేరు తెచ్చిన వారిలో ఒక మిషనెరీ ఉండుట మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చును. స్విట్జర్లాండు నుండి 1970లో తైవాను ద్వీపమునకు వెళ్ళిన యోసెఫ్ ఆయ్‌గ్‌స్టర్ అను కథోలిక గురువు మోకాళ్ళ నొప్పితో బాధపడుచుండగా, తోటి మిషనెరీ ఒకరు స్విట్జర్లాండు నర్సు వ్రాసిన పాదముల పుస్తకమును ఆయనకు ఇచ్చిరి. దానిని చూచి తనకు తాను నొక్కుకొని ఉపశమనము పొంది, తరువాత తాను పని చేయుచున్న పల్లెవారికి నేర్పెను. ఆ పేదలలో అనేకులకు అది కూటి విద్య అయినది. నేడు తైవానులో పాదములు నొక్కు అంగళ్ళు వీధి వీధిన ఉన్నవి. అయితే అక్కడి ఆరోగ్య శాఖ 1993లో ఇచ్చిన ప్రకటన గమనింపదగినది. పాదముల మర్దనను వైద్యముగా లెక్కించము, చేసికొనవచ్చును, గాని రోగము కుదుర్చుదుమని ప్రచారము చేయరాదని దాని సారాంశము. మన దేశములో కూడ ఆయుష్ అను పేరు క్రింద చేరిన వైద్య విధానములలో రిఫ్లెక్సాలజీ ఒక ప్రత్యేక విధానముగా లేదు.

మరి నిజముగా పని చేయునా? ఈ ప్రశ్నను రెండుగా విడదీయనిదే జవాబు దొరకదు. పటము నిజమా అనునది ఒకటి. పాదములు నొక్కించుకొనుట వలన మేలున్నదా అనునది మరియొకటి. అమ్మువారు ఈ రెండింటిని కలిపి ఒకటే చేయుదురు, చిక్కంతయు అక్కడే వచ్చినది.

పటము సంగతి. అరికాలి నుండి బయలుదేరిన నరములు పిక్క వెనుకగా, తొడ వెనుకగా నడుము దగ్గర వెన్నుపామును చేరును. అక్కడి నుండి కబురు మెదడుకు పోవును. అరికాలి వంపు నుండి కాలేయమునకు గాని, మడమ నుండి గర్భసంచికి గాని వేరుగా తీగె ఏదియు లేదు. చర్మము క్రింద స్ఫటికముల వంటి మలినములు పేరుకొనునని, నొక్కితే అవి కరిగిపోవునని కొందరు చెప్పుదురు. కోసి చూచిన శరీరశాస్త్రములో అవి కనబడలేదు. పటములు కూడ అన్నియు ఒకే తీరుగా లేవు, ఒకరి పటములో ఉన్న చోటు మరియొకరి పటములో కొంచెము జరిగి ఉండును. ఇంగ్లండులో 2000లో ప్రచురింపబడిన ఒక పరీక్షలో, ఆరు రకముల వ్యాధులలో ఏదో ఒకటి గాని అంతకంటె ఎక్కువ గాని కలిగిన 18 మంది పాదములను ఇద్దరు అనుభవజ్ఞులైన రిఫ్లెక్సాలజిస్టులకు చూపిరి. వారి రోగ చరిత్ర మాత్రము తెలియనీయలేదు. ఎవరికి ఏ వ్యాధి ఉన్నదో చెప్పుటలో వారి మాటకును, కళ్ళు మూసికొని ఊహించిన దానికిని భేదము కనబడలేదు. ఇద్దరి మాటలు ఒకదానితో ఒకటి కూడ కలియలేదు.

తరువాత, ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అను ఆచార్యుడు అప్పటి వరకు పద్ధతిగా జరిగిన 18 పరిశోధనలను ఒక చోట చేర్చి పరిశీలించి, ఏ వ్యాధిని గూర్చియు ఇది పని చేయునని నమ్మదగిన ఆధారము లేదని 2009లో ప్రకటించెను. ఆస్ట్రేలియా ప్రభుత్వము ఇట్టి పరిశీలన చేయించి, 2019 ఏప్రిల్ నుండి ఆరోగ్య బీమా రాయితీ పొందు వాటి జాబితాలో నుండి దీనిని తీసివేసెను. అనుకూలముగా వచ్చిన పరిశోధనలు లేకపోలేదు. 1993లో 35 మంది స్త్రీలతో చేసిన ఒక పరీక్షలో, నెలసరికి ముందు వచ్చు చికాకు, నొప్పులు, సరియైన చోట్ల నొక్కినవారిలో ఎక్కువగా తగ్గినట్లు కనబడినది. చిన్న పరీక్ష, ఇంత కొద్దిమంది మీద ఆధారపడి పెద్ద మాట చెప్పలేము.

ఇక రెండవ ప్రశ్న. ఇక్కడ మాకు చెప్పుటకు సంతోషమైన మాటలున్నవి.

ఒక్కొక్క పాదములో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నవి. శరీరములోని 206 ఎముకలలో 52 ఈ రెండు పాదములలోనే. నాలుగవ వంతు ఎముకలు నేల మీదనే నడుచుచున్నవన్నమాట! అరికాలి చర్మము స్పర్శను బాగుగా ఎరుగునది, అందుకే అక్కడ చక్కిలిగింతలు. దినమంతయు బరువు మోసిన ఆ చోటును గోరువెచ్చని చేతులతో నిదానముగా నొక్కితే కండరములు సడలును, ఊపిరి నెమ్మదించును, నిద్ర దగ్గరకు వచ్చును. దీనికి పటము అవసరము లేదు. మన అమ్మమ్మలు చంటిబిడ్డకు కాళ్ళు చాచి నూనె రాచునప్పుడు ఏ పటము చూచిరి?

అమెరికాలో మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన గ్వెన్ వయట్ అను నర్సింగు ఆచార్యురాలు రొమ్ము క్యాన్సరు ముదిరిన స్త్రీలతో పరిశోధనలు చేసిరి. 2012లో వెలువడిన దానిలో 385 మంది స్త్రీలు పాల్గొనిరి. కొందరికి నేర్చినవారు పటము ప్రకారము నొక్కిరి. కొందరికి ఈ విద్య నేర్వనివారు ఊరకనే పాదములు నిమిరిరి. కొందరికి మామూలు వైద్యము మాత్రమే. పటము ప్రకారము నొక్కించుకొన్నవారికి ఆయాసము తగ్గినది, నడచుట, పనులు చేసికొనుట కొంత మెరుగైనది. నొప్పి, వికారము, దిగులు మాత్రము తగ్గలేదు. విశేషమేమనగా, ఊరకనే నిమిరించుకొన్నవారికి కూడ నీరసము తగ్గినది.

అదే బృందము 2017లో మరియొక పని చేసినది. నిపుణులను ప్రక్కన పెట్టి, రోగి ఇంటి మనుష్యులకే, అనగా భర్తకో కూతురికో స్నేహితురాలికో ఈ పని నేర్పిరి. 256 మంది స్త్రీలు, వారితో ఒక్కొక్క తోడు. వారమునకు కనీసము ఒకసారి 30 నిమిషములు, నాలుగు వారములు. ఇంటి మనుష్యుల చేతులతో నొక్కించుకొన్న స్త్రీలకు రోగ లక్షణముల బాధ మిగిలినవారి కంటె తక్కువగా ఉండెను. క్యాన్సరు గడ్డ కరగలేదు. వారు ఆ మాట చెప్పనూ లేదు. కీమోథెరపీ ఆపలేదు. మందుతో పాటు ఇది తోడుగా నిలిచినది. తోడు అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము, ఎందుకనగా దీనికి బదులు అను మాట పెట్టగానే ప్రాణము మీదికి వచ్చును.

అది ఎట్లు వచ్చునో మేమెరిగిన ఒక సంగతి చెప్పెదము. గోదావరి ప్రాంతపు గ్రామములో ఒక రైతు. పండ్రెండేండ్లుగా షుగరు. బస్తీ నుండి వచ్చిన ఒకడు ఆయన అరికాళ్ళు అంతట గట్టిగా నొక్కి చూచి, "మీకు ఎక్కడా నొప్పి లేదు గనుక లోపలి అవయవములన్నియు భేషుగ్గా ఉన్నవి, షుగరు కూడ దానంతట అదే సర్దుకొనును" అని చెప్పి ముళ్ళ చెప్పులు అమ్మి వెళ్ళెను. ఆయన సంతోషముతో ప్రొద్దున సాయంత్రము ఆ చెప్పులతో నడిచెను. పది దినముల తరువాత చాప మీద రక్తపు మరక చూచినది ఆయన భార్య. బొటనవ్రేలి క్రింద పుండు పడి చీము పట్టినది, ఆయనకు ఏమియు తెలియదు. పట్టణములో ఆసుపత్రికి తీసికొనిపోయిరి గాని వ్రేలు దక్కలేదు.

నొప్పి లేకపోవుట ఆరోగ్యమని ఆ వచ్చినవాడు చెప్పెను. ఆ రైతు విషయములో నొప్పి లేకపోవుటయే రోగము. షుగరు చాలా ఏండ్లు అదుపు తప్పి ఉంటే కాళ్ళలోని నరములు చచ్చుబడును. ముల్లు గ్రుచ్చుకొన్నను, నిప్పు తగిలినను తెలియదు. ఈ సంగతిని లోకమునకు మొదట బాగుగా తెలియజేసినది కుష్ఠు వైద్యులు. తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనెరీల బిడ్డగా 1914లో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ గారు, కుష్ఠు రోగుల వ్రేళ్ళు వాటంతట అవి రాలిపోవుట లేదని, స్పర్శ లేనందున తెలియక తగిలించుకొనిన దెబ్బల చేతనే పాడగుచున్నవని చూపించిరి. మెత్తని రబ్బరు అట్టతో చేసిన చెప్పులు ఆ రోగులకు వాడుకలోనికి వచ్చుట ఆ పని యొక్క ఫలమే. నొప్పిని గూర్చి ఆయన 1993లో ఫిలిప్ యాన్సీతో కలిసి ఒక గ్రంథమే వ్రాసిరి. సాలూరు, డిచ్‌పల్లి ఆసుపత్రులను ఎరిగిన మన పాత తరము వారికి ఆ మెత్తని చెప్పులు జ్ఞాపకముండును. మెత్తని చెప్పు ధరించవలసిన పాదమునకు ముళ్ళ చెప్పు తొడుగుట ఎంత విపరీతము!

2023లో భారతీయ వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారము మన దేశములో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. గనుక ఎవరి పాదములనైనను నొక్కుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయుడి. ఇది ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించినది, ఖర్చు లేనిది. మనిషిని కళ్ళు మూసికొని పండుకొనమనుడి. మీ చూపుడు వ్రేలి కొనతో వారి బొటనవ్రేలి కొనను, నడిమి వ్రేలి కొనను, చిటికెన వ్రేలి కొనను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకనులు, ఈక తాకినట్లు తాకుడి. నొక్కకూడదు, గీకకూడదు. రెండు పాదములకు కలిపి ఆరు తాకుళ్ళు. తాకినప్పుడెల్ల వారు "ఆఁ" అనవలెను. రెండు గాని అంతకంటె ఎక్కువ గాని తెలియకపోతే ఆ పాదములకు స్పర్శ తగ్గినదని అనుకొని, నొక్కుట మాని డాక్టరుగారికి చూపవలెను. అట్టివారు ఇంటిలో కూడ చెప్పులు లేక నడువరాదు. ప్రతి రాత్రి అరికాళ్ళు అద్దములో చూచుకొనవలెను, లేదా మనుమడి చేత చూపించుకొనవలెను. కాళ్ళు కడుగు నీటి వేడిని మోచేతితో చూచిన తరువాతనే పాదము పెట్టవలెను.

నొక్కకూడని పాదములు మరికొన్ని ఉన్నవి. ఒక్క కాలు మాత్రమే అకస్మాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే లోపలి రక్తనాళములో గడ్డ కట్టి ఉండవచ్చును. మర్దన చేస్తే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చును. అదే దినమున ఆసుపత్రికి పోవలెను. రెండు పాదములు వాచి, నొక్కితే గుంట పడి, ఆయాసము కూడ ఉంటే గుండెనో మూత్రపిండములనో పరీక్షించుకొనవలెను. గర్భిణీ స్త్రీకి పాదములు వాచుటతో పాటు తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే అది బి.పి. పెరిగిన గుర్తు, ఒక్క గంట కూడ ఆలస్యము చేయరాదు. బీడీ, చుట్ట అలవాటున్నవారికి కొంత దూరము నడువగానే పిక్క పట్టివేసి, నిలబడగానే తగ్గుచుంటే రక్తనాళములు ఇరుకైనవని అర్థము. ఆ నొప్పిని పిసికి పోగొట్టలేరు. జ్వరము, పుండు, విరిగిన ఎముక, ఉబ్బిన సిరలు ఉన్నచోట కూడ చేయి పెట్టవద్దు. బోదకాలు ఉన్నవారికి గట్టి మర్దన మేలు చేయదు. ప్రతి దినము సబ్బుతో కడిగి, మడతలలోను వ్రేళ్ళ సందులలోను తడి లేకుండ ఒత్తి, కాలు ఎత్తుగా పెట్టుకొని, చీలమండను పైకి క్రిందికి ఆడించుట వారికి నిజమైన సేవ.

అరికాళ్ళ మంటలను గూర్చి ఇద్దరు సహోదరీలు వ్రాశారు. నొక్కితే కొంచెము సేపు హాయిగా ఉండును, నిజమే. కాని మంటకు కారణము వేరే చోట ఉండును. షుగరు గాని, బి విటమినుల కొరత గాని తరచుగా దొరుకును. తరువాతి కాలములో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు అధిపతిగా పని చేసిన డాక్టరు సి. గోపాలన్ గారు 1946లోనే ఈ అరికాళ్ళ మంటలను గూర్చి వ్రాసి, బి విటమినుల జాతికి చెందిన ఒక దానితో అవి తగ్గుటను చూపిరి. గనుక ముందు రక్త పరీక్ష చేయించుకొనుడి.

సిట్టింగుల సంగతి. మొదటి రెండు సిట్టింగుల తరువాత తల తిరిగినను, విరేచనములైనను "లోపలి విషము బయటికి పోవుచున్నది, మంచి గుర్తు" అని చెప్పువారున్నారు. ఆ మాట నమ్మవద్దు. తల తిరిగితే బి.పి. చూపించుకొనవలెను. పాదము చూచి రోగము పేరు చెప్పువానిని, మందులు ఆపుమనువానిని, పది సిట్టింగుల డబ్బు ముందుగానే అడుగువానిని మర్యాదగా గుమ్మము నుండే పంపివేయుడి. పని నేర్చి, శుభ్రముగా చేతులు కడుగుకొని, "విశ్రాంతి కొరకు చేయుచున్నాను" అని ఉన్నమాట చెప్పి, న్యాయమైన కూలి తీసికొనువారు కూడ లేకపోలేదు. అత్తగారికి స్పర్శ బాగుగా ఉండి, పుండ్లు వాపులు లేకుండ ఉంటే, అట్టివారి యొద్ద చేయించుటలో తప్పు లేదు. ఆ డబ్బుతో ముందు ఆమెకు రక్త పరీక్ష చేయించి, నొక్కు పని ఇంటనే చేస్తే ఇంకను మేలని మా సలహా.

ఇంటిలో చేయు విధానము కష్టమైనది కాదు. రాత్రి భోజనమైన గంట తరువాత మంచి సమయము. గోరువెచ్చని నీటితో పాదములు కడిగి తుడువవలెను. నొక్కువారి గోళ్ళు కత్తిరించి ఉండవలెను, ఉంగరములు తీసివేయవలెను. కొబ్బరి నూనె గాని నువ్వుల నూనె గాని పావు చెంచా చాలును. మొదట పాదమును రెండు అరచేతుల మధ్య పెట్టి ఊరకనే పది ఊపిరుల సేపు పట్టుకొనుడి. పిదప చీలమండను పట్టి నెమ్మదిగా అటు ఐదుసార్లు, ఇటు ఐదుసార్లు త్రిప్పుడి. తరువాత బొటనవ్రేలి మెత్తని భాగముతో, గొంగళిపురుగు నడచినట్లు, మడమ నుండి వ్రేళ్ళ వైపుగా కొంచెము కొంచెము జరుపుచు నొక్కుడి. పిమ్మట ఒక్కొక్క వ్రేలిని మొదట నుండి కొన వరకు మెల్లగా లాగుడి. విటికలు విరవనక్కర లేదు. పాదముల పైభాగమును వ్రేళ్ళ నుండి చీలమండ వైపుగా నిమిరి ముగించుడి. ఒక్కొక్క పాదమునకు పది నిమిషములు. నొప్పి పెట్టి కేక వేసేటంత గట్టిగా నొక్కితేనే గుణమనునది శుద్ధ తప్పు. హాయిగా ఉన్నదా అని మధ్య మధ్య అడుగుచు ఉండుడి.

ఇంతకును ఇంటిలో ఎవరి పాదములు ఎవరు నొక్కవలెను? మన ఇండ్లలో ఈ పని ఒక ప్రక్కకే నడుచును. కోడలు అత్తగారికి, భార్య భర్తకు, మనుమరాలు తాతకు. నాట్ల కాలములో ప్రొద్దున మొదలు పొద్దు గూకు వరకు బురదలో వంగి నిలిచి, ఇంటికి వచ్చి పొయ్యి రాజేయు ఆమె పాదములు ఎవరి చేతికి వచ్చును? వ్రేళ్ళ సందులు తెల్లగా పాచిపోయి, మడమలు పగిలి ఉన్నవి ఆమెవే గదా. భార్య కాళ్ళు పట్టితే ఊరు నవ్వునని పురుషులు జంకుదురు, ఆమె కూడ "అయ్యో, మీరు నా కాళ్ళు పట్టుటేమిటండీ" అని పాదములు ముడుచుకొనును. బోధకుడే శిష్యుల పాదములు కడిగిన సంగతి ఎరిగిన కుటుంబములలో ఈ జంకు ఎందుకో మాకు అర్థము కాదు. మిచిగన్ పరిశోధనలో ఇంటి మనుష్యులకు అప్పగించినది ఈ పనినే. వారమునకు ఒక్క రాత్రి, ఇరువది నిమిషములు, టి.వి. ఆపివేసి చేసి చూడుడి.

"ఇది మన విశ్వాసమునకు విరుద్ధమా?" అని ఒక యౌవనస్థుడు అడిగెను. నూనె, నీరు, చేతులు, పాదములు. ఇందులో విరుద్ధమైనది మాకేమియు కనబడలేదు. ఎవడైనను దీనితో పాటు మంత్రములో తాయెత్తులో కలిపి అమ్మితే అది వేరు సంగతి.

రోలరు కొనవచ్చునా అని అడిగినవారికి: స్పర్శ బాగుగా ఉన్నవారు గాళ్ళు లేని నున్నని రోలరు వాడుకొనవచ్చును గాని, ఇంటిలోని చపాతీ కర్ర గాని, మూత బిగించిన నీళ్ళ సీసా గాని అదే పని చేయును. ప్రొద్దున మంచము దిగి మొదటి అడుగు వేయగానే మడమ క్రింద సూది గ్రుచ్చినట్లు నొప్పి, నాలుగు అడుగులు వేయగానే తగ్గుట అనునది నలుబది ఏండ్లు దాటిన స్త్రీలలో తరచుగా చూచుచున్నాము. అరికాలి క్రింద పట్టీ వంటి పొర దెబ్బతినుట వలన అది వచ్చును. అట్టివారు మంచము దిగక ముందే కాలి వ్రేళ్ళను చేతితో పట్టి తమ వైపునకు లాగి పది లెక్కించువరకు ఉంచి వదలవలెను. అట్లు పదిసార్లు. సాయంత్రము చల్లని నీళ్ళ సీసాను నేల మీద పెట్టి అరికాలితో ఐదు నిమిషములు దొర్లించవలెను. బండల మీద వట్టి కాళ్ళతో నిలిచి వంట చేయక మెత్తని చెప్పులు తొడుగుకొనవలెను. ఇది తగ్గుటకు కొన్ని వారములు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు పట్టును. నూనె రాచినవారు వ్రేళ్ళ సందులలో మాత్రము దానిని నిలువనీయక పొడి గుడ్డతో తుడిచివేయవలెను, లేకపోతే అక్కడ మరల పాచిపోవును.